అడవి లెక్క: మన పిల్లల ముందున్న ఒక చదువు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. నేను సాగునీటి ఇంజనీరును. ఇంజనీరింగ్ చదవండని చెప్పడానికి నేను ఇంత దూరం రానక్కర్లేదు. ఆ మాట చెప్పేవాళ్లు ఇప్పుడు ఇంటికొకరున్నారు. డాక్టరు కమ్మని చెప్పేవాళ్లు ఇంటికిద్దరున్నారు. అందుకని మన ఊళ్లో ఎవరూ పెద్దగా చెప్పని ఒక చదువు గురించి చెప్తాను. ఇంగ్లీషులో దాన్ని పాపులేషన్ ఎకాలజీ అంటారు. తెలుగులో జనాభా జీవావరణ శాస్త్రం అనొచ్చు. పేరుకు భయపడకండి. ఒక చోట ఒక రకం ప్రాణులు ఎన్ని ఉన్నాయి, పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా, ఎందుకు అని తేల్చే చదువు అది.

లెక్కింపు విలువ కల్వకుర్తి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1989లో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండి ఇక్కడ నిలబడ్డారు. పెట్టెలు తెరిచి లెక్కపెట్టేదాకా ఆయన ఓడిపోతారంటే దేశంలో నమ్మినవాళ్లు తక్కువ. జె. చిత్తరంజన్ దాస్ గారు గెలిచారు. అంచనా వేరు, లెక్క వేరు అని అందరికీ చూపించిన ఊరు మనది. కాకపోతే ఓట్లు పెట్టెలో కదలకుండా ఉంటాయి. నల్లమలలో పులి, పల్లి చేలో అడవిపంది, చెరువులో కొంగ అట్లా ఉండవు. కదిలేవాటిని, దాక్కునేవాటిని, రాత్రిపూట తిరిగేవాటిని లెక్కపెట్టాలి. అసలు విద్య అక్కడే ఉంది.

నాకు తెలిసిన భాషలో చెప్తాను. శ్రీశైలం జలాశయంలో ఇవాళ ఎంత నీరుందో ఎట్లా చెప్తాం? నిన్నటి నిల్వకు వచ్చిన నీరు కలుపుతాం, వదిలిన నీరు తీసేస్తాం, ఆవిరైపోయింది తీసేస్తాం. ప్రాణుల సంఖ్య కూడా అంతే. నిరుడు ఉన్నవాటికి పుట్టినవి, బయటి నుంచి వచ్చినవి కలపాలి. చచ్చినవి, వెళ్లిపోయినవి తీసేయాలి. జలాశయానికి 885 అడుగుల పూర్తి మట్టం ఉన్నట్టే అడవికీ ఒక హద్దుంటుంది. తిండి, నీళ్లు, చోటు ఎంతవరకు ఉంటే అంతవరకే ప్రాణులు నిలబడతాయి. తేడా ఒక్కటే. జలాశయానికి గేజీలున్నాయి, అడవికి లేవు. ఆ గేజీ తయారు చేసేవాడే ఈ శాస్త్రవేత్త.

గేజీ ఎట్లా తయారు చేస్తారో మన సైన్సు సార్లు, టీచర్లు రేపే తరగతిలో చూపించొచ్చు. ఒక డబ్బాలో చింతగింజలు పోయండి. లెక్కపెట్టొద్దు. అందులోంచి యాభై గింజలు తీసి, ఒక్కోదాని మీద సున్నం చుక్క పెట్టి, ఆరాక తిరిగి డబ్బాలో వేసి బాగా కలపండి. ఇప్పుడు చూడకుండా అరవై గింజలు తీయండి. అందులో ఆరు చుక్క గింజలు వచ్చాయనుకుందాం. అరవైలో ఆరంటే పదోవంతు. అంటే డబ్బాలో కూడా చుక్క గింజలు సుమారు పదోవంతే ఉంటాయి. చుక్క గింజలు యాభై కాబట్టి డబ్బాలో మొత్తం సుమారు ఐదు వందలు. డబ్బా మొత్తం ఒలకబోయకుండా లెక్క తేలింది. డెన్మార్క్‌లో పీటర్సన్ చేపల మీద, అమెరికాలో లింకన్ బాతుల మీద ఇదే పద్ధతి వాడారు. ఇప్పటికీ వాళ్లిద్దరి పేర్లతోనే దాన్ని పిలుస్తారు.

మరి చుక్క చెరిగిపోతే? చుక్క పెట్టిన గింజలన్నీ అడుగుకు పోతే? మధ్యలో ఎవరో ఇంకో పిడికెడు గింజలు వేస్తే? ఒకసారి పట్టుబడిన జంతువు భయపడి మళ్లీ దొరకకపోతే? ఒక్కో ప్రశ్న మీద వందల పరిశోధన పత్రాలు వచ్చాయి. పిల్లలు అడిగే సందేహాలే అక్కడ పీహెచ్‌డీలు.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో మన దేశం ఒకసారి చూసింది. చాలా ఏళ్లు పులులను అడుగుజాడలు చూసి లెక్కపెట్టేవాళ్లు. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులున్నాయి. 2005 నాటికి అడవిలో ఒక్కటీ మిగలలేదని తేలింది. వేటగాళ్లు పులుల్ని చంపుతుంటే రిజిస్టరు మాత్రం నిండుగా ఉంది. ఆ దెబ్బతో దేశమంతటా లెక్కించే పద్ధతి మారింది.

కొత్త పద్ధతికి దారి వేసినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు కె. ఉల్లాస్ కారంత్. కన్నడ రచయిత శివరామ కారంత్ గారి కుమారుడు. ఆయన చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. కొన్నాళ్లు ఇంజనీరుగా పనిచేశారు, వ్యవసాయం చేశారు. తర్వాత అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో వన్యప్రాణి శాస్త్రంలో ఎం.ఎస్., మంగళూరు విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. అంటే ప్రతి పులికీ పుట్టుకతోనే సున్నం చుక్క ఉన్నట్టు. నాగరహొళె అడవిలో దానంతట అదే ఫోటో తీసే కెమెరాలు పెట్టి, చింతగింజల లెక్కను పులుల మీద ప్రయోగించి, 1995లో ఆయన పరిశోధన ప్రచురించారు. జేమ్స్ నికల్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గణితంలో తోడయ్యారు. 2018 నాటి జాతీయ లెక్కింపులో 26,838 చోట్ల కెమెరాలు పెడితే మూడు కోట్ల నలభై ఎనిమిది లక్షలకు పైగా ఫోటోలు వచ్చాయి. అందులో పులి ఉన్నవి 76,651. ఇన్ని కోట్ల బొమ్మల్లో పులిని వెతికి, చారలు పోల్చడానికి కంప్యూటర్ ప్రోగ్రాములు కావాలి. 2006లో 1,411గా తేలిన దేశపు పులుల సంఖ్య 2022 నాటికి 3,682కు చేరిందని చెప్పగలుగుతున్నామంటే ఈ పద్ధతి వల్లే. కాబట్టి ఎంపీసీ పిల్లలు ఇది బైపీసీ వాళ్ల విషయమని లేచిపోవద్దు.

ఇంకో ముచ్చట చెప్తాను. నా వయసువాళ్లకు రాబందులు గుర్తుండాలి. ఊరి బయట పశువును పడేస్తే గుంపులుగా దిగేవి. ఇప్పటి పిల్లలు వాటిని పుస్తకంలోనే చూస్తున్నారు. భరత్‌పూర్‌లో ఏళ్ల తరబడి లెక్కలు రాసిపెట్టడం వల్ల బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాష్ గారు ఈ పతనాన్ని పట్టుకున్నారు. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరంలో మిగిలి వాటి కిడ్నీలను పాడు చేసిందని తేలింది. ఇంత పెద్ద పతనానికి ఎన్ని కళేబరాల్లో మందు ఉండాలి? జనాభా లెక్కలు వేసి చూస్తే, నూటికి ఒక్కదాని కంటే తక్కువ కళేబరాల్లో ఉన్నా చాలని వచ్చింది. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. పెద్ద పిట్టలు కొంచెం ఎక్కువగా చచ్చినా ఆ లోటు పూడదు. 2006లో పశువులకు ఆ మందు వాడటాన్ని మన దేశం నిషేధించింది. ఒక మందును దేశమంతా ఆపించగల బలం లెక్కకుంది.

ఇవన్నీ ఎక్కడివో కదా అనుకోవచ్చు. మన చుట్టుపక్కలకే వద్దాం. కృష్ణ దాటి నందికొట్కూరు వైపు పోతే రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. ఆరు చదరపు కిలోమీటర్ల చిల్లర జాగా. ఈ మధ్య ఏళ్లలో అక్కడ ఆ పిట్ట కనబడటమే గగనమైంది. దేశం మొత్తం మీద నూట యాభై కూడా మిగలలేదు. అదీ ఏడాదికి మామూలుగా ఒక్క గుడ్డు పెట్టే పిట్టే. గడ్డి భూములు చేలయ్యాయి, కాలువలొచ్చాయి, తీగలొచ్చాయి. అభయారణ్యం గీత లోపల జాగ్రత్తపడ్డా, గీత బయటకు మేతకు పోయే పిట్టను కాపాడలేకపోయాం.

దీనికి పూర్తిగా ఎదురు, మన పల్లి చేలను దున్నేస్తున్న అడవిపంది. ఒక ఈతలో నాలుగు నుంచి ఆరు పిల్లలు. రాత్రంతా మంచె మీద కూర్చున్న రైతుకు ఈ శాస్త్రం ఎందుకు కావాలో చెప్తాను. వంద పందులు ఏటా నూటికి ముప్పై చొప్పున పెరుగుతున్నాయనుకుందాం. ఏడాదికి నూట ముప్పై అవుతాయి. ఇరవై చంపారు. నూట పది మిగిలాయి. చంపినా పెరిగాయి! మరుసటేడు అవి నూట నలభై మూడవుతాయి. రైతు కోపం తీరదు, పంది తగ్గదు, డబ్బు ఖర్చవుతుంది. ఎన్ని ఉన్నాయి, ఎంత వేగంగా పెరుగుతున్నాయి అన్న రెండు అంకెలు లేకుండా తీసుకునే నిర్ణయం ఏదైనా చీకట్లో రాయి వేసినట్టే. ఒక గుడ్డు పెట్టే పిట్టకు, ఐదు పిల్లల్ని ఈనే పందికి ఒకే మందు పనికిరాదు. ఈ చదువు నేర్పే మొదటి పాఠం అది.

శ్రీశైలం రోడ్డులో డిండి దాటి, హాజీపూర్ దాటి మన్ననూరు చెక్‌పోస్టు చేరితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. రాష్ట్రం విడిపోక ముందు నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో భాగం. అది దేశంలోకెల్లా పెద్దది. మన వైపు వచ్చిన భాగమే 2,600 చదరపు కిలోమీటర్లకు పైన ఉంది. 1940 ప్రాంతంలో ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు ఈ అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి చేసిన అధ్యయనం 1943లో పుస్తకమై ప్రపంచమంతా చదివింది. వియన్నా నుంచి ఒకరు వచ్చి ఇక్కడ పరిశోధన చేశారు. బస్సెక్కితే పూట లోపల అడవి చేరే మన బడి నుంచి ఆ పనికి ఎంతమంది పోయారు?

అక్కడ పరిశోధనకు ప్రశ్నలు కరువు కాదు. పులి తినే దుప్పి, కణుజు, పంది ఏ లోయలో ఎన్ని ఉన్నాయి? ఎండాకాలం చెలమలు ఎండినప్పుడు అవి ఎటు పోతాయి? కల్వకుర్తి ఎత్తిపోతలతో ఎల్లూరు నుంచి కృష్ణ నీళ్లు పైకొచ్చాయి. ఆముదం, జొన్న ఉన్న చెల్కల్లో వరి వచ్చింది. నీటి కొంగలకు లాభమా? మెట్ట చేలల్లో బతికే పూరేడు పిట్టకు, కౌజుకు నష్టమా? నీళ్లు రావాలని నేను జీవితమంతా పనిచేశాను, ఇంకా రావాలనే కోరుకుంటాను. వచ్చిన నీళ్లతో నేలలో ఏం మారిందో కూడా రాసిపెట్టాలని అడుగుతున్నాను. ఇంకో పెద్ద ప్రశ్న ఉంది. కోర్ ప్రాంతం నుంచి ఊళ్లను, పెంటలను తరలించాలా వద్దా అన్న చర్చ ఏళ్లుగా నడుస్తోంది. అక్కడ మనుషులుంటే జంతువులు నిజంగా తగ్గుతున్నాయా, ఎంత తగ్గుతున్నాయి? ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీద చెంచుల బతుకు ఆధారపడి ఉంది. ఆ లెక్క వేసేవాళ్లలో చెంచుల మాట అర్థమయ్యేవాళ్లు, ఈ నేల తెలిసినవాళ్లు ఉండాలి. అడవిలో జాడ పట్టడంలో చెంచులను మించినవాళ్లు లేరు. ఇన్నాళ్లూ వాళ్లు దారి చూపించేవాళ్లుగానే ఉన్నారు. పరిశోధన పత్రం మీద మొదటి పేరుగా ఒక చెంచు బిడ్డ పేరు రావాలి.

ఇప్పుడు దారులు చెప్తాను. తల్లిదండ్రులు కూడా వినాలి. మన దగ్గర బైపీసీ చదివి, మెడికల్ సీటు రాక, డిగ్రీలో బీజెడ్‌సీ చేరిన పిల్లలు ప్రతి వాడలో ఉన్నారు. ఓడిపోయినట్టు తల దించుకుని తిరుగుతున్నారు. నా మాట ప్రధానంగా వాళ్లకే.

డెహ్రాడూన్‌లో 1982లో పెట్టిన భారత వన్యప్రాణి సంస్థ ఉంది. అక్కడ వన్యప్రాణి శాస్త్రంలో ఎం.ఎస్సీ. 1988 నుంచి నడుస్తోంది. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రంలో, అంటే ఎన్‌సీబీఎస్‌లో, వన్యప్రాణి జీవశాస్త్రం, సంరక్షణలో ఎం.ఎస్సీ. 2004లో మొదలైంది. సీట్లు పదిహేను దాకా మాత్రమే, చేర్చుకునేది రెండేళ్లకోసారి. కానీ ఏ డిగ్రీ చదివినవాళ్లైనా పరీక్ష రాయొచ్చు. ఇంజనీర్లు, డాక్టర్లు కూడా వచ్చి చేరుతుంటారు. అదే బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఉంది. మాధవ్ గాడ్గిల్ గారు 1983లో మొదలుపెట్టిన జీవావరణ శాస్త్రాల కేంద్రం అక్కడే ఉంది. బి.ఎస్సీ. తర్వాత జామ్ పరీక్ష రాసి ఆ సంస్థలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలో చేరొచ్చు. తిరుపతి ఐసర్ 2015లో వచ్చింది. ఇంటర్ తర్వాతే అక్కడ బీఎస్-ఎంఎస్‌కు పోవచ్చు. జీవావరణ శాస్త్రంలో పనిచేసే అధ్యాపకులు అక్కడున్నారు. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ప్రయోగశాల ఉంది. పులి పేడలోని డీఎన్‌ఏతో ఏ పులో చెప్పే రకం పని చేస్తారు. ఉస్మానియా జంతుశాస్త్ర విభాగం వాళ్లు కోలార్ జిల్లాలో ఒకే ఒక్క గుహలో మిగిలిన గబ్బిలాల జాతి మీద పనిచేశారు. అవి రెండు వందలు కూడా లేవు.

డబ్బు సంగతి. ఎం.ఎస్సీ. తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష ఉంటుంది. లైఫ్ సైన్సెస్ సిలబస్‌లో పదో యూనిట్ అంతా ఎకాలజీయే. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం వేరు. ఇంటి మీద భారం వేయకుండా పీహెచ్‌డీ చేయొచ్చు. అమెరికా పోవాలనుకునేవాళ్లకు ఒక మాట. కంప్యూటర్ ఎం.ఎస్.కు మనవాళ్లు పొలం తాకట్టు పెట్టి పోతున్నారు. ఎకాలజీలో పద్ధతి వేరు. ముందు మీకు నచ్చిన పని చేసే ప్రొఫెసరుకు ఉత్తరం రాయాలి. ఆయన ప్రాజెక్టులో మీకు చోటుంటే చాలాచోట్ల ఫీజు, జీతం అసిస్టెంట్‌షిప్ కిందనే వస్తాయి. ఉత్తరంలో మీ మార్కుల కంటే మీరేం చూశారు, ఏం రాసిపెట్టారు అన్నది పనిచేస్తుంది.

కష్టాలు దాచను. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. అడవిలో పనిచేయడానికి అనుమతి కోసం నెలల తరబడి తిరగాలి. ఫెలోషిప్ డబ్బు ఆలస్యమైతే స్నేహితుల దగ్గర చేబదులు తీసుకోక తప్పదు. జలగలు, మలేరియా, ఎలుగుబంట్లు ఉంటాయి. ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉండవు. ఆడపిల్లను అడవికి పంపాలంటే ఇంట్లో గొడవ తప్పదు. కానీ దేశంలో ఈ రంగంలో పేరు తెచ్చుకున్నవాళ్లలో మహిళలు చాలామంది ఉన్నారని ఆ ఇంట్లోవాళ్లకు చెప్పండి. గణాంక శాస్త్రం, ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నవాళ్లకు ఈ రంగంలోనే కాదు, బయట కూడా పని దొరుకుతుంది. కాబట్టి దారి మూసుకుపోయేది కాదు.

సంఘాన్ని మూడు పనులు అడుగుతున్నాను. మొదటిది, ఏటా ఒక్క విద్యార్థికి ప్రవేశ పరీక్షల ఫీజు, బెంగళూరుకో డెహ్రాడూన్‌కో పోయివచ్చే చార్జీలు, ఒక వేసవిలో ఇంటర్న్‌షిప్ ఖర్చు ఇద్దాం. ఒక ఫ్లెక్సీకి, ఒక శాలువాల కట్టకు అయ్యే ఖర్చులో ఇది అయిపోతుంది. నా వంతు మొదటి మూడేళ్లది నేనిస్తాను. రెండోది, బడిలో ఒక రిజిస్టరు తెరుద్దాం. ప్రతి జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షులను లెక్కపెడతారు, మన దేశంలో 1987 నుంచి జరుగుతోంది. అదే నెలలో తొమ్మిదో తరగతి పిల్లలు చెరువు కట్ట మీద ఒక పూట నిలబడి, ఏ పక్షి ఎన్ని అని రాయాలి. ఏటా అదే చోటు, అదే వేళ. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కన వైథమ్ అడవిలో 1947 నుంచి ఒక చిన్న పిట్ట గూళ్లను ఇట్లాగే రాస్తున్నారు. ఆ పుస్తకాల్లోంచి ప్రపంచానికి ఎన్నో సంగతులు తెలిశాయి. వాళ్లకున్నది గొప్ప యంత్రం కాదు, ఆపకుండా రాసే అలవాటు. మూడోది గురువులకు నా విన్నపం. పరీక్షలో రాని ప్రశ్న అడిగిన పిల్లను కూర్చోబెట్టకండి. "సార్, చుక్క చెరిగిపోతే?" అని అడిగిన పిల్లే మనకు కావలసింది.

యాభై ఏళ్లుగా ఈ బడి అడ్మిషన్ రిజిస్టరులో ఎవరు చేరారు, ఎవరు టీసీ తీసుకుని వలస పోయారు, ఎవరు తిరిగొచ్చారు అని రాస్తూనే ఉన్నారు. ఆ పుస్తకం ఉండబట్టే ఇవాళ మనల్ని వెతికి పిలవగలిగారు. పక్షుల రిజిస్టరు మొదటి పేజీ వచ్చే జనవరిలో రాద్దాం. బైనాక్యులర్ నేను తెస్తాను. పుస్తకం, పెన్ను పిల్లలు తెచ్చుకోండి. పొద్దున ఆరున్నరకు కట్ట మీద కలుద్దాం.